మిగతా ఎనిమిది దెబ్బలు

పగటిపూట మెర్రో పాయింట్ రేవులో, సముద్రంలోకి సాగిన రాతిగట్టు మీద పిల్లలు పీతలు పడతారు. ముసలాళ్లు గాలాలు వేసుకుని కూచుంటారు. కానీ ఏడాది ఆఖరి రోజున మాత్రం పొద్దు వాలకముందే గట్టు ఖాళీ అయిపోతుంది. లాబ్‌స్టర్ బోనులు లాగే పడవలు కూడా ఆ సాయంత్రం గట్టు చివరికి రావు. దూరమైనా సరే, అవతలి పక్కనించి చుట్టి వస్తాయి.

ఎందుకని అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. చలి అంటారు. పాచి అంటారు. కాలు జారుతుందంటారు. చలీ పాచీ మిగతా రోజుల్లో లేవా అని రెట్టిస్తే, కాఫీ చల్లారిపోతోందని లేచి వెళ్లిపోతారు.

అసలు సంగతేమిటంటే... ఆ రాత్రి గట్టు చివర గంట మోగుతుంది.

అక్కడ గంట లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే దాన్ని విప్పి తీసుకొచ్చి, ఊళ్లో నావికుల హాల్లో వేలాడదీశారు. గట్టు మీద మిగిలింది తుప్పుపట్టిన ఇనుప చట్రం ఒక్కటే. అయినా మోగుతుంది. రెండేసి చొప్పున ఎనిమిది దెబ్బలు... తర్వాత ఆగిపోతుంది. ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. తెలియని మనిషి ఒక్కతే — తిర్జా. అందరికంటే ముందు తెలియాల్సిన మనిషి కూడా ఆవిడే.

ఆ ఊళ్లో సగం ఇళ్ల మగవాళ్లు నౌకాదళంలో పనిచేసినవాళ్లు. వాళ్ల పద్ధతులు ఇంట్లో ఆడవాళ్లకి కూడా కంఠతా వచ్చు. కాపలా మారే వేళకి గంట ఎనిమిది దెబ్బలు కొడతారు. కొత్త సంవత్సరం అర్ధరాత్రి మాత్రం పదహారు — పోయే ఏడుకి ఎనిమిది, వచ్చే ఏడుకి ఎనిమిది. మెర్రో పాయింట్‌లో మొదటి ఎనిమిదీ కాపలా దిగేవాడు కొడతాడు. రెండో ఎనిమిదీ కాపలా ఎక్కేవాడు కొట్టాలి.

మాటలు కూడా ఇంతే అని రాసి పెట్టినట్టుంటాయి. చీకట్లో అడుగుల చప్పుడు కాగానే ఉన్నవాడు "ఎవరక్కడ?" అంటాడు. వచ్చినవాడు "బదులొచ్చాను" అనాలి. "అయితే నేను దిగుతున్నాను" అని మొదటివాడు తన గొర్రెతోలు కోటు విప్పి రెండోవాడికి తొడుగుతాడు. గట్టు కాపలాకి ఉన్నది ఒకటే కోటు మరి. బదులొచ్చాను అన్న మాట నోట్లోంచి వచ్చిందా, ఇక ఆ చోటు అతనిది. మళ్లీ ఇంకొకడు వచ్చి ఆ మాట అనేదాకా, తుఫాను రానీ, శత్రువు రానీ, అక్కణ్నుంచి కదలడానికి వీల్లేదు.

ఈ మాటలు ఎంతగా నూరిపోస్తారంటే — పెళ్లాలు సరదాకి, గుర్రుపెట్టి నిద్రపోతున్న మొగుళ్ల చెవిలో "ఎవరక్కడ?" అనేవాళ్లు. వాళ్లు కళ్లు తెరవకుండానే "బదులొచ్చాను" అనేవాళ్లు. వీళ్లు దిండ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. తిర్జా కూడా హార్లాన్‌ని అలా ఆటపట్టించిన రాత్రులున్నాయి.

హార్లాన్ బీల్ ఆమెకి రెండో మొగుడు. మొదటివాడు ఎల్డెన్ పిక్కెట్.

ఎల్డెన్, హార్లాన్ ఒకే పడవలో బోనులు లాగి పెరిగినవాళ్లు. ఎల్డెన్ పెళ్లిలో ఉంగరం జేబులో పెట్టుకుని తోడుపెళ్లికొడుకుగా పక్కన నిలబడింది హార్లానే. యుద్ధం రాగానే ఇద్దరూ కలిసే నౌకాదళంలో చేరారు. అదృష్టం బాగుండి ఇద్దరినీ సొంత ఊరి రేవుకే వేశారు.

ఎల్డెన్‌కి తిర్జా చేసే అల్లం కేకంటే ప్రాణం. చల్లారేదాకా ఆగే మనిషి కాదు. వంటింట్లోకి పిల్లిలా వచ్చి, కాలుతుండగానే ఒక మూల విరుచుకుని పారిపోయేవాడు. ఆవిడ గరిటె పుచ్చుకుని వాకిలిదాకా వెంటపడేది. మూల విరిగిన కేకు ఎవరికి పెట్టను రా అని తిట్టేది. కానీ ఎల్డెన్ రేవులో ఉండిపోయిన రోజున, ఆ మూల తనే కోసి పక్కన దాచేది.

ఇరవై ఏళ్ల కిందట, యుద్ధం మధ్యలో, ఏడాది ఆఖరి రాత్రి మంచు తుఫాను వచ్చింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. ఓర్‌కట్ అనే ఓడ నడిసముద్రంలో శత్రువు జలాంతర్గామితో తలపడి, ముక్కు పగిలి, కుంటుకుంటూ ఇంటికి వస్తోంది. దాన్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. జలాంతర్గాములు దూరకుండా రేవు మూతికి అడ్డంగా ఇనుప వల కట్టి ఉంది. ఆ వలకి ఇరుకైన ద్వారం. ద్వారానికి అటూ ఇటూ బండరాళ్లు. ఆ మంచులో దీపాలు పనిచెయ్యవు. ఓడకి దారి చూపగలిగింది ఒక్కటే, గట్టు చివరి గంట.

పొద్దుగూకినప్పటినుంచీ గంట దగ్గర ఎల్డెన్ ఉన్నాడు. అర్ధరాత్రికి హార్లాన్ వెళ్లి అతనికి బదులుండాలి.

తెల్లారేసరికి ఓర్‌కట్ క్షేమంగా రేవులో ఉంది. హార్లాన్ మాత్రం ఒడ్డున మంచులో పడి ఉన్నాడు — నిలువునా తడిసి, కొయ్యబారిపోయి. నాలుగు గుక్కలు వేడి కాఫీ పట్టాక నోరు విప్పాడు. తను వెళ్లేసరికి గట్టు మీద ఎల్డెన్ లేడట. గట్టుకి కట్టి ఉండే చిన్న పడవా లేదట. ఆఖరికి ఆ గొర్రెతోలు కోటు కూడా వేసుకుపోయాడట. ఇక చేసేదేం లేక ఇద్దరి వంతూ తనే పదహారు దెబ్బలూ కొట్టి, ఓడ లోపలికి వచ్చేదాకా గంట మోగిస్తూ కూచున్నాడట. ఆ తర్వాత ఒక అల ఎత్తి విసిరేస్తే పాక్కుంటూ ఒడ్డుకి చేరాడట.

హార్లాన్‌కి పతకం ఇచ్చారు. ఎల్డెన్‌ని కాపలా వదిలి పారిపోయినవాడి కింద కట్టారు. యుద్ధం అయ్యాక చౌరస్తాలో రాతి మీద యుద్ధానికి వెళ్లిన ఊరి మగపిల్లల పేర్లు చెక్కించినప్పుడు, అతని పేరు చెక్కలేదు. అతని తల్లి ఆ రాయి ఉన్న వైపు మళ్లీ నడవలేదు.

తిర్జా అప్పుడు కడుపుతో ఉంది. ఆ రాత్రి తను కిటికీ దగ్గర కూచుని, కేకు మూల పక్కన పెట్టుకుని, గంట లెక్కపెట్టింది. ఎనిమిది విన్నది. మిగతా ఎనిమిది కోసం చెవులు రిక్కించింది... వినపడలేదు. కాసేపయ్యాక ఓడకి దారి చూపే మోతే మళ్లీ మొదలైంది. ఆ మాట హార్లాన్‌తో అంటే, అతను ఆమె చేతులు రెండూ పట్టుకుని, "మిగతావి గాలి తినేసింది, తిర్జా" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి నమ్మింది.

నమ్మి, ఎల్డెన్‌ని తిట్టుకుంది. కడుపులో బిడ్డని వదిలేసి ఏ ఊరి ఆడదానితో కాపురం పెట్టాడో అని తిట్టుకుంది. రాత్రుళ్లు దిండు కరుచుకుని తిట్టుకుంది. అతని ఫొటోలు పొయ్యిలో పడేసింది. రెండేళ్లకి హార్లాన్ పెళ్లాడతానంటే, లోకంలో నమ్మదగ్గ మనిషి ఒక్కడైనా మిగిలాడనుకుని సరేనంది. కూతురు నెట్టీ హార్లాన్ ఇంటిపేరుతోనే పెరిగింది. పెళ్లయి వెళ్లాక అత్తవారింట్లో తన కన్నతండ్రి హార్లానేనని చెప్పుకుంది. ఆ పిల్లని తప్పుపట్టడానికి తిర్జాకి నోరు రాలేదు.

ప్రతి ఏడూ ఆఖరి రాత్రి నావికుల హాల్లో విందు జరుగుతుంది. చిక్కుడు గింజల కూర, పంది మాంసం, బ్రౌన్ బ్రెడ్డు. తిన్నాక పెద్దవాళ్లు పాత యుద్ధాలు ఎత్తుకుంటారు. అమెరికా అంతర్యుద్ధంలో రెండు ఇనుప ఓడలు పొద్దుణ్నుంచి మధ్యాహ్నందాకా ఒకదాన్నొకటి బాదుకుని, ఏదీ మునగకుండా ఇంటికెళ్లిన కథ ఒకాయన చెప్తాడు. పసిఫిక్‌లో మిడ్‌వే దీవి దగ్గర కొన్ని నిమిషాల్లో యుద్ధం తలకిందులైన కథ ఇంకొకాయన చెప్తాడు. చివరికి అందరూ పైన వేలాడే గంట వైపు తిరుగుతారు. "ఇక మనది" అంటారు. హార్లాన్ తల వంచుకుని బల్ల మీద గీతలు గీస్తుంటాడు. ఎంత అణకువో చూడండని ఆడవాళ్లు చెప్పుకుంటారు.

ఆ గంటని మాత్రం ఎవరూ కొట్టరు. ఓర్‌కట్ కోసం మోగింది ఇక ఎవరి కోసమూ మోగకూడదని, దాని నాలుకకి తాడు చుట్టి కట్టించింది హార్లానే. అర్ధరాత్రికి బూరలు ఊదుతారు, గిన్నెలు వాయిస్తారు. ఆ గోలలో చెవి పక్కన ఫిరంగి పేలినా వినపడదు. పన్నెండు దాటేదాకా తిర్జాని ఆ గోల మధ్యలోంచి కదలనిచ్చేవాడు కాదు హార్లాన్.

ఈసారి కేకు సరిగ్గా పొంగలేదు. తిర్జా మళ్లీ పిండి కలిపింది. "నువ్వు పద, నేను కేకు తీసుకుని వస్తా" అంటే హార్లాన్ గుమ్మంలో తటపటాయించాడు. "పై దారినే రా. ఒడ్డు దారి వద్దు" అని ఎప్పటిలాగే చెప్పి వెళ్లాడు.

ఆవిడ బయల్దేరేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. పై దారి మీద మంచు గడ్డకట్టి గాజుపలకలా ఉంది. రెండడుగులు వేసేసరికి కాలు జారింది. కేకు పళ్లెం గుండెకి హత్తుకుని, ఒడ్డు దారి పట్టింది.

గాలి లేదు. సముద్రం చప్పుడు కూడా అంతంత మాత్రంగానే ఉంది. నక్షత్రాలు చేతికందేలా ఉన్నాయి.

రాతిగట్టు మొదట్లో ముసలి ఆసా ఇల్లు. ఆసా ఎనభై దాటిన జాలరి. వాకిట్లో లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరైనా ఆ దారిన పోతారేమో అని కాపలా కాస్తున్నట్టు.

"ఈ వేళప్పుడు ఇటెందుకొచ్చావమ్మాయీ?"

"పై దారంతా గాజు, బాబాయ్. పడి తుంటి విరిగితే నువ్వొచ్చి మోస్తావా?"

ఆసా నవ్వలేదు. పన్నెండు దాటేదాకా లోపలికొచ్చి కూచోమన్నాడు. కాఫీ ఇస్తానన్నాడు. నీ కాఫీ తాగి చచ్చేకంటే దెయ్యం చేతిలో చావడమే నయమంది తిర్జా. 

"అలా అనకు..." అని గొంతు తగ్గించాడు. "ఎనిమిది కొడతాడు. కొట్టి ఆగుతాడు. మిగతా ఎనిమిదీ కొట్టేవాడి కోసం. ఏమడిగినా జవాబివ్వకు. జవాబిచ్చినవాడిదే ఆ కాపలా."

"ఎవరు కొడతారు?"

ఆసా ఆవిడ మొహంలోకి చూడలేదు. చేతిలో ఉన్న కేకు వంక చూశాడు. పారిపోయినవాడు సిగ్గుతో తిరిగొస్తున్నాడని ఊళ్లో అనుకుంటారని నెమ్మదిగా చెప్పాడు. నీతో అనొద్దని హార్లాన్ అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాడన్నాడు. నీ మనసు పాడవుతుందని.

"ఇన్నేళ్లూ? ఊరంతానా?" అంది తిర్జా.

ముసలాడు జవాబు చెప్పేలోపు —

గంట మోగింది.

రెండు. విరామం. రెండు.

అది హాలు వైపునుంచి కాదు. గట్టు చివరినుంచి. చీకట్లోంచి. ఖాళీ చట్రంలోంచి.

రెండు... విరామం... రెండు.

జంటకీ జంటకీ మధ్య చాలాసేపు పడుతోంది. ఎందుకు పడుతోందో తిర్జాకి తెలుసు. చేతులకి చలెక్కి, వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటాడు. ఊదుకుని మళ్లీ తాడు పట్టుకుంటాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో వంటింటి కిటికీలోంచి ఆ మోత విని, ఇదిగో ఇప్పుడు ఊదుకుంటున్నాడు అని తనలో తను నవ్వుకునేది.

ఎనిమిది.

ఆగిపోయింది.

తిర్జా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒడ్డున ఎండిన గడ్డిపరక కూడా కదలడం లేదు. ఇవాళ గాలి లేదు. అయినా ఎనిమిదే మోగాయి. గాలి దేన్నీ తినలేదు. ఆ రాత్రీ తినలేదు. ఆ రాత్రి మిగతా ఎనిమిదీ ఎవరూ కొట్టలేదు.

పారిపోయినవాడైతే మొదటి ఎనిమిది ఎవరు కొట్టారు?

 "ఇక్కడే ఉండు బాబాయ్" అని, కేకు గట్టు మొదటి రాయి మీద పెట్టి, హాలు వైపు పరుగు లాంటి నడక నడిచింది.

హాల్లో బూరలు మోగుతున్నాయి. అందరూ ఒకళ్లనొకళ్లు కావలించుకుంటున్నారు. ఆవిడ హార్లాన్ చొక్కా పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చి తలుపు వేసింది.

"ఆ రాత్రి ఎన్ని కొట్టావు?"

"ఇప్పుడెందుకది? పదహారు. ఎన్నిసార్లు చెప్పాను?"

"నేనిప్పుడే ఎనిమిది విన్నాను. గట్టు మీద."

 ఒడ్డు దారిన వచ్చావా అన్నాడు. తర్వాత అలవాటుగా, "గాలి..." అన్నాడు.

"ఇవాళ గాలి లేదు, హార్లాన్."

అతను గోడకి ఆనుకుని జారి కూచున్నాడు. లోపల ఎవరో అకార్డియన్ ఎత్తుకున్నారు. ఆ పాట వెనకాల, గొణుగుతున్నట్టు చెప్పుకొచ్చాడు. గట్టు సగందాకా వెళ్లాడట. అలలు గట్టు మీదనించి దాటిపోతున్నాయట. కాళ్లు ముందుకి పడలేదట. వెనక్కొచ్చి వలల కొట్టంలో దాక్కున్నాడట.

"ఎనిమిది కొట్టాడు. నేను కొట్టాల్సిన ఎనిమిది కోసం ఆగాడు. తర్వాత నన్ను పిలిచాడు తిర్జా... పేరు పెట్టి పిలిచాడు. నేను చెవులు మూసుకున్నాను."

"తర్వాత?"

"మళ్లీ గంట కొట్టడం మొదలెట్టాడు. ఓడ వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు."

"ఓడ వచ్చాక?"

"ఇక మోగలేదు."

మోగడం ఆగాక నీళ్లలోకి దిగి, తడిసి, ఒడ్డున పడుకున్నాడట. భయపడ్డానని చెప్పలేక ఒక అబద్ధం ఆడాడట. పతకం వచ్చాక అది అబద్ధమని చెప్పలేకపోయాడట. తిర్జాని పెళ్లాడింది కూడా ఎల్డెన్‌కి చేసిన అన్యాయం సరిదిద్దుకోడానికేనట.

 అన్నేళ్లు తిర్జా ఈ మనిషి పక్కలో పడుకుని, చచ్చినవాణ్ని తిట్టింది. తిడుతుంటే ఈయన జుట్టు నిమిరి, పోనీలే మరిచిపో అన్నాడు. ఎల్డెన్ తనని వదిలిపోలేదు. వదిలేసింది తను. తన చేత వదిలించింది వీడు.

ఏడవలేదు. లోపలికొచ్చి అందరి ముందూ ఇదే చెప్పమంది. అతను ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఆ మొహాల ముందు చెప్పలేనన్నాడు. చచ్చిపోతానన్నాడు.

"అయితే వాడికి చెప్పు" అంది తిర్జా. "గట్టు మీదకెళ్లి, వాడి మొహాన చెప్పు. ఊరికి చెప్తావో, వాడికి చెప్తావో నీ ఇష్టం."

హార్లాన్ తలుపు వంక చూశాడు. లోపల నవ్వులు. బయట చీకటి. అతను ఎప్పుడూ ఏది తేలికైతే అదే ఎంచుకునే మనిషి.

"ఖాళీ గట్టుతో మాట్లాడొస్తే నీ మనసు చల్లబడుతుందంటే, వెళ్తాను" అన్నాడు.

గట్టు మొదట్లో ఆసా ఇంకా అక్కడే ఉన్నాడు. హార్లాన్ అతని చేతిలో లాంతరు తీసుకున్నాడు. ముసలాడు ఏదో చెప్పబోయాడు... జవాబివ్వొద్దని, ఏమడిగినా నోరు మెదపొద్దని. తిర్జా అతని చెయ్యి పట్టుకుంది. గట్టిగా. ఆసా ఆవిడ కళ్లలోకి చూసి నోరు మూసుకున్నాడు.

లాంతరు గట్టు వెంబడి వెళ్లింది. రాళ్ల మీద బూట్ల చప్పుడు చిన్నదవుతూ వచ్చింది. చివరికి దీపం ఆగింది.

"ఎల్డెన్..." అన్న హార్లాన్ గొంతు, నీళ్ల మీదుగా తేలుతూ వచ్చింది. "ఎల్డెన్, నేను..."

ఇంకో గొంతు మధ్యలో అడ్డుపడింది. పెద్ద గొంతేం కాదు. అలిసిపోయిన గొంతు.

"ఎవరక్కడ?"

ఆసా శిలువ గుర్తు వేసుకున్నాడు. తిర్జా వేళ్లు అతని ముంజేతిలో దిగబడ్డాయి.

హార్లాన్ పలకలేదు.   పలక్కుండా వెనక్కి తిరిగి ఉంటే, ఏమయ్యేదో...

"ఎవరక్కడ?"

ఈసారి కొంచెం కటువుగా. కాపలావాడు అడిగినట్టు.

నిద్రలో లేపి అడిగితే వచ్చే జవాబే వచ్చింది. భయంలోంచి, బుర్రతో పనిలేకుండా, శిక్షణలో కుర్రాడిలా చటుక్కున —

"బదులొచ్చాను."

సముద్రం కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

"అయితే నేను దిగుతున్నాను."

ఆ వెంటనే గంట మోగింది. ఇందాకటి చెయ్యి కాదు. హడావిడిగా, ఎగుడుదిగుడుగా, ఎవరో మణికట్టు పట్టుకుని బలవంతాన కొట్టిస్తున్నట్టు. ఎనిమిది దెబ్బలు.

ఇరవై ఏళ్లుగా మిగిలిపోయిన ఎనిమిది.

తర్వాత అడుగులు. గట్టు మీద, ఇటువైపు. ఒక్క మనిషి అడుగులు. దీపం మాత్రం చివరే ఉండిపోయింది. చలిలో కోటు లేకుండా ఇంటికి పరిగెత్తే కుర్రాడి అడుగుల్లా ఉన్నాయి. దగ్గరికొచ్చాయి... పక్కనించి వెళ్లాయి. తడిసిన ఉన్ని వాసన వేసింది. గట్టు మొదటి రాయి దగ్గర ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలి, ఒకప్పుడు ఎల్డెన్, తిర్జా కాపురమున్న ఒడ్డు ఇంటి వైపు వెళ్లిపోయాయి.

తిర్జా రాయి దగ్గరికి వెళ్లి వంగి చూసింది. కేకు ఎప్పుడో చల్లారి గట్టిపడింది. కానీ ఒక మూల విరిగి ఉంది. విరిగినచోట ఇంకా సన్నగా పొగలొస్తున్నాయి.

అప్పుడు ఏడ్చింది తిర్జా. రాయి మీద కూలబడి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, గుండెలవిసేలా ఏడ్చింది.

గట్టు చివరినుంచి సన్నగా కేక వినపడింది.

"తిర్జా... ఈ కోటు ఊడి రావడం లేదు... తిర్జా..."

ఆవిడ తల ఎత్తలేదు. కాసేపటికి దీపం ఆరిపోయింది.

తెల్లారాక వెళ్లి చూస్తే గట్టు చివర ఆసా లాంతరు ఒక్కటే ఉంది. హార్లాన్ ఏ ఒడ్డుకీ కొట్టుకురాలేదు. హాల్లో గంట నాలుకకి కట్టిన తాడు తెగి కింద పడి ఉంది. గంట అంచునుంచి బల్ల మీదకి నీళ్లు కారుతున్నాయి. ఎవరో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే, ఉప్పు.

తిర్జా హాలు మధ్యలో నిలబడి విన్నదంతా చెప్పింది. గట్టు మీద విన్నది నిజమేనని ఆసా పక్కన నిలబడ్డాడు. కొందరు నమ్మారు. కొందరు గంట వంక చూసి నమ్మారు. పారిపోయినవాడని ఎల్డెన్‌ని గట్టిగా తిట్టినవాళ్లే ముందు తల దించుకున్నారు. మంచు కరగ్గానే చౌరస్తా రాతి మీద ఒక కొత్త పేరు చెక్కారు. నెట్టీ వచ్చి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా ఒక్కొక్కటే తడుముకుంది. ఆ రోజునుంచి పుట్టింటి పేరు అడిగినవాళ్లకి పిక్కెట్ అని చెప్తోంది.

ఆ ఏడాది చివర హాల్లో విందుకి అందరూ వచ్చారు. ఈసారి బూరలు తేలేదు. ఎవరూ చెప్పకుండానే, అర్ధరాత్రి అవుతుందనగా ఒక కిటికీ తెరిచారు. బయట గాలి లేదు, చెట్లు బొమ్మల్లా నిలబడి ఉన్నాయి.

గట్టు చివర గంట మోగింది. హడావిడిగా, ఎగుడుదిగుడుగా... ఎనిమిది.

ఆగింది.

 ఆసా తిర్జా వైపు తిరిగాడు.

"తిర్జమ్మా... విన్నావుగా. ఎనిమిదే. ఎవరో ఒకరు బదులు వెళ్లేదాకా వాడు..."

తిర్జా లేచి వెళ్లి కిటికీ మూసింది. వచ్చి కూచుని, కేకు మూల కోసి, ఖాళీ కుర్చీ ముందున్న పళ్లెంలో పెట్టింది.

"పదహారూ కొట్టే ఉంటాడు బాబాయ్" అంది. "మిగతావి గాలి తినేసింది."